పేలిక కట్టిన కాయ

గురునాథరావు మంచివాడని మల్కాపురంలో ఎవరిని అడిగినా చెబుతారు. పోర్టులో క్రేను నడుపుతాడు, తాగడు, పేకాట జోలికి పోడు, తల్లిని పల్లెత్తు మాట అనడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. ఆ తల ఊపుడే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ ప్రాణాలు తోడేసిందని మాత్రం ఎవరూ చెప్పరు. తల ఊపేవాడిని తప్పుపట్టే అలవాటు మనకి లేదు మరి.

ఆ రోజు కూడా మామూలుగానే తెల్లారింది. ఎనభై మూడో సంవత్సరం, కార్తీకమాసం. రిఫైనరీ గొట్టం మీద మంట ఇంకా వెలవెలబోకముందే అతని భార్య కనకరత్నం వీధి కుళాయి దగ్గర బిందె పెట్టింది. ఇంటికి కావలసిన నీళ్ళు పట్టుకున్నాక, మిగతా ఆడవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, సన్నబడిన ధార కింద మళ్ళీ బిందె పెట్టింది. ఈ నీళ్ళు తోటకి. స్నానాల నీళ్ళు వృథాగా పోకుండా తూము దగ్గర నుంచి చిన్న కాలవ తీసి బెండ మొక్కలకి పారించింది కూడా ఆమే. బియ్యం కడిగిన నీళ్ళు వంగ మొక్కలకి, చేపలు కడిగిన నీళ్ళు ఆనప పాదుకి. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఎర్రటి ఇనుప దుమ్ము ఆకుల మీద పేరుకుంటే తడిగుడ్డతో తుడిచేది. దుమ్ము పట్టిన ఆకు కింద పిందె నిలవదని ఆమె తనంతట తాను కనిపెట్టింది.

క్వార్టర్ల వరస వెనక, కాలవకీ ప్రహరీగోడకీ మధ్య పొడుగ్గా ఖాళీ నేల ఉంది. కాలనీ మహిళామండలి దాన్ని మళ్ళుగా విడగొట్టి అడిగిన ఇల్లాళ్ళకి తలా ఒక మడి ఇచ్చింది. మండలి ప్రెసిడెంటు వెంకటరమణమ్మగారు ఒక ఆఫీసరు భార్య, గోదావరి జిల్లా మనిషి. ఆవిడ పెట్టిన షరతు ఒకటే. కార్తీకంలో ఒక ఆదివారం ఎవరి మడిలో కాసింది వాళ్ళు కోసుకొచ్చి తూకం వెయ్యాలి. అందరికంటే తక్కువ తూగినవాళ్ళ మడి, ఎప్పటినుంచో అడుగుతున్న మరో ఇంటికి పోతుంది. నేల వృథా కాకూడదని ఆవిడ ఉద్దేశం. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి.

కిందటేడు గురునాథరావు ఇంటి మడి చివరినుంచి రెండోది. ఇంకొంచెంలో చేజారిపోయేదే. ఎందుకలా అయిందో కనకరత్నానికి బాగా తెలుసు. అత్తగారు పేలికలు కట్టబట్టి.

అత్తగారు పైడితల్లిది ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో ఒకటి. ఊరు వదిలిన రోజు అందరూ మంచాలూ బిందెలూ బండికెక్కిస్తుంటే, ఆవిడ వంటింటి చూరుకి వేలాడుతున్న ఎండు ఆనపబుర్రని దింపి ఒళ్ళో పెట్టుకుంది. దాన్నిండా విత్తనాలు. అది వాళ్ళ ఊళ్ళో తప్ప మరెక్కడా కనిపించని ఆనప. పొట్టి మెడ, గుండ్రని అడుగు, తెలుపు కలిసిన పచ్చ రంగు. పులుసులో వేస్తే ముక్క నోట్లో పెట్టగానే కరిగేది. ఊరు చెదిరిపోయాక అక్కడి జనం తలో దిక్కూ పోయారు. ఎవరి ఇంట్లోనూ ఆ విత్తనం మిగల్లేదని పైడితల్లి వాకబు చేసి తెలుసుకుంది.

విత్తనానికి వదిలే కాయని పాత చీర చించిన పేలికతో తొడిమకి కట్టడం వాళ్ళ ఊరి పద్ధతి. పేలిక కనబడిందంటే ఇక ఆ కాయ కూరకి కాదు. అది తీగ మీదే ముదిరి, పండి, ఎండాలి. చెయ్యి తిరిగిన దొంగ కూడా దాని జోలికి పోయేవాడు కాదట. ఈ ఏడు పైడితల్లి మూడు కాయలకి పేలికలు కట్టింది. రోజూ పొద్దున్నే లేచి ముందు వాటి మొహం చూసి తర్వాత మొహం కడుక్కునేది.

కనకరత్నం బాధ వేరే. ఒక్క కాయ తీగ మీద ముదిరిందంటే ఆ తీగ ఇక కొత్త పిందె వెయ్యదు, ఉన్న బలమంతా ముదురుకాయకే పోతుంది. ఎప్పటికప్పుడు లేతగా కోసేస్తే తీగ మళ్ళీ మళ్ళీ కాస్తూనే ఉంటుంది. ఆమె పక్క మళ్ళన్నీ చూసి, తన మడిలో చేసి, తెలుసుకున్న నిజం అది. వంగ మొక్కల మధ్య తోటకూర చల్లి, పందిరి నీడలో గోంగూర పెట్టి, ఏ జానెడు నేలా ఖాళీగా ఉంచకుండా మడిని పండిస్తుంటే, పందిరి మీది ఆ మూడు కాయలూ హాయిగా కూర్చుని తిని పడుకునే చుట్టాల్లా కనిపించేవి. దాని మీద కారం చల్లినట్టు, కాలనీలో అందరూ దాన్ని పైడితల్లి తోట అనేవారు. నీళ్ళు మోసి భుజాలు కాయలు కట్టినదాని పేరు ఎవరి నోటా వచ్చేది కాదు.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఉప్పూ చింతపండూ గురించి బాగానే మాట్లాడుకుంటారు. తేడా వచ్చే మాట మాత్రం ఒకరితో ఒకరు నేరుగా అనరు. గురునాథరావు చేత చెప్పిస్తారు. అది మర్యాద అనుకున్నారు ఇద్దరూ. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు, అలాగే ఉండిపోయింది.

ఆ పొద్దున్న కూడా కనకరత్నం తోట నుంచి వచ్చి, డ్యూటీకి బయలుదేరుతున్న మొగుడికి టిఫిన్ క్యారియరు అందిస్తూ ఆ మాటే ఎత్తింది.

"ఆదివారం తూకం. ఆ మూడు కాయలూ కోసీసి, తీగ చివర్లు తుంచితే గానీ ఈసారి గట్టెక్కం. మీయమ్మనడగండి. ఒప్పుకుంటేనే కోత్తాను. లేదంటే మడి పోయినా పోనీ, నాను ముట్టుకోను."

గురునాథరావు తల ఊపాడు.

పైడితల్లి వాకిట్లో చీపురు కడుతోంది. కొడుకు దగ్గరికొచ్చి నిలబడేసరికి, అతను నోరు తెరవకముందే ఆవిడే మొదలెట్టింది. ఈ ఏడు బుర్రలో దాచిన విత్తనాలు పురుగులు తినేశాయని ఆవిడ చెప్పింది. ఊళ్ళో కట్టెల పొయ్యి పొగ తగిలి బుర్ర ఎన్నేళ్ళైనా చెక్కుచెదరకుండా ఉండేదట. ఇక్కడ కిరసనాయిలు స్టవ్వుకి పొగేదీ? బాగున్న నాలుగు గింజలూ పాదుకి పెట్టేసింది. విత్తనం పురుగుల పాలు చేసినదాన్నని కోడలికి చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ దాచుకుంది.

"ఇక ఆ మూడు కాయలే ఆకరివి బాబూ," అంది. "నాను శుక్రోరం మనూరి సన్యాసమ్మ కూతురి బారసాలకి గాజువాక ఎల్తాను. అమ్మితో సెప్పు. ఆటి మీద సెయ్యెయ్యొద్దని సెప్పు."

గురునాథరావు మళ్ళీ తల ఊపాడు. నీ కోడలితో చెబుతాను, ముట్టుకోదులే అన్నాడు. చెప్పలేదు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక భార్య అడిగింది, అడిగారా అని. నిజం చెబితే కనకరత్నం మొహం మాడుతుంది. అన్నం వడ్డించేటప్పుడు గిన్నెలు చప్పుడవుతాయి. ఆ చప్పుడు అతనికి పడదు. అందుకని, అమ్మ సరేనంది, కోసుకోమంది అన్నాడు. కనకరత్నం నమ్మనట్టు చూసింది. నమ్మించడానికి ఇంకొక మాట చేర్చాడు.

"ఇత్తనాలు ఇంకా దాసుకున్నాదట. నీకెందుకే అనుమానం?"

రెండు వైపులా చల్లబడింది కదా అని హాయిగా నిద్రపోయాడు. ఇలాంటివాళ్ళకి నిద్ర ఎలా పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే కనకరత్నం స్నానం చేసి, తోటలోకి వెళ్ళి, బెండ, వంగ, బీర, గోంగూర బుట్టల్లోకి కోసింది. చివరికి పందిరి కిందకి వెళ్ళి పేలికలు ఒక్కొక్కటే విప్పింది. వాటిని పారెయ్యలేదు. ఉతికి, కంచె తీగ మీద వరసగా ఆరేసింది. అత్తగారు ఎప్పుడో కట్టుకున్న నీలం చీర ముక్కలవి. కత్తి పెట్టి తొడిమలు కోస్తుంటే చెయ్యి ఒక్కసారి వెనక్కి లాగినట్టైంది. సరేనన్నాదిగా అనుకుని కోసేసింది. ముందుగా పేలిక కట్టిన కాయ బాగా బరువుగా, గట్టిగా ఉంది. మిగతా రెండూ ఇంకా లేతదనం పోనివి.

తూకంలో వాళ్ళ మడే మొదటిది. వెంకటరమణమ్మగారు అందరి ముందూ కనకరత్నం భుజం తట్టి, ఒకే నేల, ఒకే కుళాయి, ఒక్కొక్కరి చేతిలో ఎంత తేడా చూడండి, కనకరత్నం మడి చూసి నేర్చుకోండి అంది. కనకరత్నం మడి. ఆ రెండు మాటలూ విని ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మాట కోసమే కదా ఇన్ని బిందెలు మోసింది.

తూకం అయ్యాక ఎవరికి లేని కూర వాళ్ళు పక్కవాళ్ళ దగ్గర మార్చుకోవడం అక్కడి రివాజు. ఆ రోజే కాలనీ వనభోజనాలు కూడా. లేతగా ఉన్న రెండు ఆనపకాయలూ వనభోజనాల పులుసులోకి వెళ్ళిపోయాయి. మూడోదాన్ని వెనక వరస క్వార్టరులో ఉండే కామేశ్వరి, తన మడిలో కాసిన చిక్కుళ్ళు ఇచ్చి తీసుకుపోయింది. కనకరత్నం వనభోజనాలకి ఉండకుండా, అత్తగారు వచ్చే వేళయిందని ఇంటికి వచ్చి అన్నం వండింది.

పైడితల్లి మధ్యాహ్నం సిటీ బస్సు దిగి, చేతిలో సంచీ ఇంట్లో పెట్టకుండానే తోటలోకి వెళ్ళింది. పందిరి కింద తల ఎత్తి చూసింది. కోసిన తొడిమలు కనిపించాయి. కంచె మీద శుభ్రంగా ఉతికి ఆరేసిన పేలికలు కనిపించాయి. ఆ శుభ్రం చూసి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కోపంలో కోసినా, తెలియక కోసినా ఇంత మండేది కాదు. ఉతికి మరీ ఆరేసింది.

ఆవిడ అరవలేదు. గోడవార ఉన్న పలుగు తీసుకుని పందిరి రాటలు పెకలించడం మొదలుపెట్టింది. ఒక రాట ఒరిగింది. తీగ చిరిగి నేల మీద పడింది. పక్కనే నిండా కాసిన బెండ మొక్కల మీద కాలు వేసి తొక్కుతూ రెండో రాట దగ్గరికి నడిచింది. చప్పుడుకి కనకరత్నం పరుగెత్తుకొచ్చి పలుగు పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు అత్తా? నీకు మతి పోయినాదా?"

"వొదులు. నీకు తూకమే గదా కావాలి. తీగతో, ఏరుతో సహా ఒట్టుకుపోయి తూకమేసుకో."

"ఒక్క బిందె మోసినావా దీనికి? ఒక్క రోజు మోసినావా? నా ఒళ్ళు ఊనం సేసుకుని పెంచిన మొక్కలు తొక్కీడానికి నీకు కాలెలా వొచ్చినాది?"

"నీకు సెయ్యెలా వొచ్చినాది? పేలిక ఇప్పడానికి సెయ్యెలా వొచ్చినాదే నీకు?"

ఇద్దరి మధ్యా పలుగు. ఇద్దరూ చెరో వైపూ లాగుతున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి పోట్లాడటం అదే మొదలు. అంతసేపూ లోపల మంచం మీద పడుకుని ట్రాన్సిస్టరు వింటున్న గురునాథరావు, గొడవ వినబడి, ట్రాన్సిస్టరు గొంతు ఇంకాస్త పెంచాడు.

కనకరత్నం పలుగు వదిలేసి రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.

"నాను అడక్కుండా కోసినానా? అడిగించినాను. నువ్వు సరేనన్నాకే కోసినాను. ఇప్పుడు మాట మార్చీసి నన్ను దొంగని సేత్తే నాను ఊరుకోను."

పైడితల్లి చేతిలో పలుగు ఆగింది.

"నానెప్పుడన్నాను సరేనని?"

"మీ అబ్బాయితో అన్నావు. ఇత్తనాలు ఇంకా దాసుకున్నానని కూడా అన్నావంట."

ఆ మాట విన్నాక పైడితల్లికి ఇక అడగవలసింది ఏమీ మిగల్లేదు. విత్తనాలు పురుగులు తినేశాయని, ఇవే ఆఖరివని, కోడలికి చెప్పమని కొడుకుతో తాను చెప్పిన మాటలు ఒక్కొక్కటే కనకరత్నానికి చెప్పింది. కనకరత్నం వింటూ వింటూ తెల్లబోయింది. తాను కోసినవి కూరకాయలు కావు, అత్తగారి ఊరిలో మిగిలిన ఆఖరి ముక్క అని అప్పుడు తెలిసింది ఆమెకి. బెండ మొక్కల మధ్యే కూలబడింది.

తర్వాత ఇద్దరూ కలిసే ఇంట్లోకి వెళ్ళారు. ట్రాన్సిస్టరు నోరు నొక్కింది పైడితల్లి. గురునాథరావు లేచి కూర్చుని, ఇద్దరినీ ఒకేసారి చూసి, తల ఊపడానికి ఏమీ దొరక్క నేల చూపులు చూశాడు. గొడవ వద్దనే అలా చెప్పానన్నాడు. ఇద్దరికీ మంచి జరగాలనే అన్నాడు. ఒక్క కాయ గురించి ఇంత రభసేమిటని కూడా అనబోయి, తల్లి మొహం చూసి మింగేశాడు.

"ఊరు తీసుకున్నోలు మొకం మీద సెప్పి తీసుకున్నార్రా," అంది పైడితల్లి. "నువ్వు నా కొడుకువి. నాకు సెప్పకుండా తీసీసినావు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు పెద్దగా లేవలేదు. అయినా గురునాథరావు దెబ్బ తిన్నవాడిలా వెనక్కి ఒదిగాడు. కనకరత్నం మాత్రం వదల్లేదు.

"నా సేత్తో సేయించినావు," అంది. "ఇద్దరి దగ్గరా మంచోడివి నువ్వు, సెడ్డదాన్ని నాను. నీ నిద్ర సెడకూడదని నా సేతికి కత్తిచ్చినావు."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె మొగుణ్ణి నువ్వు అనడం అదే మొదటిసారి. పైడితల్లి విన్నది. అడ్డు చెప్పలేదు. వాడికి ఇంకా పడాలి అన్నట్టే నిలబడింది.

అప్పుడు కనకరత్నానికి కామేశ్వరి గుర్తుకొచ్చింది. మిగతా రెండూ పులుసులో ఉడికిపోయి ఉంటాయి. గట్టికాయ మాత్రం కామేశ్వరి ఇంట్లో ఉంది, ఆవిడ వనభోజనాలకి వెళ్ళింది, ఇంకా కోసి ఉండదేమో. ఆ మాట చెబుతూనే చెప్పులు వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. వెనకే పైడితల్లి. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవడం కాలనీ వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

కాలనీ మైదానం మూల వనభోజనాల గిన్నెలు కడుగుతున్నారు. వెంకటరమణమ్మగారు కుర్చీలో కూర్చుని తాంబూలం వేసుకుంటోంది. కనకరత్నం రొప్పుతూ వెళ్ళి, కామేశ్వరి ఎక్కడని అడిగింది. ఇప్పుడే ఇంటికెళ్ళిందని చెప్పి, ఎందుకంత కంగారని ఆవిడ అడిగింది. విత్తనపు కాయలు తూకానికి తెచ్చేశానని, వాటి బరువు తీసేసి లెక్క చూసుకోమని, మొదటి స్థానం తనకి వద్దని కనకరత్నం చెప్పింది. వెంకటరమణమ్మగారు నవ్వింది.

"ఏంటమ్మా, ఒక కాయకింత గోలా? విత్తనాలు బజార్లో దొరుకుతాయి కదా. వచ్చే ఏడు మండలి తరఫున నేనే ప్యాకెట్లు తెప్పిస్తాను."

మామూలుగా ఆవిడ ముందు కనకరత్నం తల వంచుకుని నిలబడేది. ఆ రోజు వంచలేదు.

"మీ తూకం వల్లే కదమ్మా ఇదంతా. ఎవులు ఎక్కువ కోత్తే వాళ్ళు గొప్ప. ఎవులు దాసితే వాళ్ళ మడి పోద్ది. రేపేటి నాటాలో మీ కాటా సూడదు. దాసినోళ్ళనే మీరు శిచ్చిస్తన్నారు. నాను మొదటొచ్చినాను, ఏటి సేసి వొచ్చినానో మీకు తెలుసా? మాయత్త ఊరిని కోసీసి వొచ్చినాను."

వెంకటరమణమ్మగారి చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడకి కోపం రావలసిన మాటే. వచ్చింది కూడా, మొహం ఎర్రబడింది. కానీ అత్తాకోడళ్ళు సమాధానం కోసం ఆగలేదు.

వాళ్ళు వెనక వరస మలుపు తిరగకముందే కామేశ్వరి ఎదురొచ్చింది. ఆవిడ ఒక చంకలో ఆనపకాయ, రెండో చేతిలో వంకరపోయిన కత్తి. పోట్లాటకే బయలుదేరిందని నడకలోనే తెలిసింది. రాత్రి కూరకి తరుగుదామని కూర్చుంటే కత్తి దిగలేదట.

"నవనవలాడే చిక్కుళ్ళు ఇచ్చానండి నేను," అని మొదలుపెట్టింది, కనకరత్నం మొహం మీదకి కాయ చూపిస్తూ. "బరువు చూపించి ముదురుకాయ నాకు అంటగడతారా? ఇది కూరకి పనికొస్తుందా? గోడ కట్టుకోడానికి పనికొస్తుంది. ఫస్టు వచ్చేది ఇలాగేనా మీరు?"

చుట్టుపక్కల గుమ్మాల్లోకి నలుగురూ వచ్చారు. ఇంకో రోజైతే కనకరత్నానికి తల కొట్టేసినట్టయ్యేది. ఇప్పుడు ఆవిడ తిట్టే ప్రతి మాటా చల్లగా తగిలింది. ముదురుకాయ. కత్తి దిగని కాయ. ఆమె చేతులు చాచింది. కామేశ్వరి విసురుగా కాయని ఆ చేతుల్లో పడేసింది.

మెడ దగ్గర కత్తి గాటు ఉంది. పైడితల్లి కాయని తీసుకుని గాటులో వేలు పెట్టి చూసింది. తొక్కలో సగం దాకానే దిగింది. తర్వాత అడుగు భాగం మీద గోరు గుచ్చింది. గోరు దిగలేదు. ఇంకోచోట గుచ్చింది. అక్కడా దిగలేదు. గోరు దిగనంత ముదిరిందంటే లోపల గింజ పట్టినట్టే. ఆవిడ కాయని గుండెకి ఆనించుకుని, ఆ వీధి మధ్యలో, అంతమంది ముందు, చిన్నపిల్లలా ఏడ్చింది. ఊరు పోయిన రోజున కూడా ఆవిడ ఏడవలేదు.

కామేశ్వరికి ఏమీ అర్థం కాలేదు. విషయం కనకరత్నం చెప్పాక, ముందే చెప్పుంటే నేను కత్తి పెట్టేదాన్నా అని మళ్ళీ కోప్పడింది. ఈసారి కోపం కాస్త తడిగా ఉంది. కనకరత్నం ఆవిడని తోటకి తీసుకెళ్ళి, తొక్కుడు పడని బెండకాయలు కోసి ఒళ్ళో పోసింది. వంకరపోయిన కత్తి సరిచేయించి ఇస్తానని కూడా చెప్పింది. కామేశ్వరి బెండకాయలు తీసుకుని, పడిపోయిన రాట వైపు చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పైడితల్లి కత్తి గాటు మీద పేడ మెత్తి, కాయని ఉట్టిలో పెట్టింది. తీగ మీద ఎండాల్సిన కాయ, ఇంట్లో ఎండితే గింజ బతుకుతుందో లేదో ఆవిడకీ తెలియదు. పొగ తగిలితే ఆశ ఉంది అంది. ఆ మాట కొడుకుతో అనలేదు. కోడలితో అంది, నేరుగా, కళ్ళలోకి చూసి. కనకరత్నం మర్నాడు పెరట్లో ఇటుకలు పేర్చి కట్టెల పొయ్యి పెట్టింది. పైన తడిక వేసి కాయని వేలాడదీసింది. స్టవ్వు ఉండగా పొగలో దగ్గుతూ వంట చేస్తున్న ఆమెని చూసి పక్కింటివాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అంది.

కట్టెలు కొట్టడం గురునాథరావు పని. డ్యూటీ నుంచి రాగానే గొడ్డలి చేతికిచ్చేవారు. తోటకి నీళ్ళు మొయ్యడం కూడా అతనిదే. అత్తాకోడళ్ళు అతన్ని క్షమించారని నేను చెప్పను. చాలా రోజులు అతనికి అన్నం పెట్టేటప్పుడు గిన్నెలు చప్పుడవుతూనే ఉన్నాయి, ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ. ఇంట్లో ఏదైనా తేడా వస్తే మాత్రం అతని చేత చెప్పించడం మానేశారు. తిట్టుకోవలసింది ఎదురుగా నిలబడే తిట్టుకునేవారు. పందిరి మళ్ళీ వేసిన రోజున రాట ఎక్కడ పాతాలనే దాని మీద సగం కాలనీకి వినబడేలా అరుచుకున్నారు. చివరికి కనకరత్నం చెప్పిన చోటే పాతారు.

వెంకటరమణమ్మగారు చాలా రోజులు వీళ్ళతో మాట్లాడలేదు. తర్వాత మండలి మీటింగులో, కనకరత్నం వైపు చూడకుండానే, పేలిక కట్టిన కాయని కొయ్యకుండా తీగ మీదే లెక్కలో రాసుకుంటామని చెప్పింది.

ఎండాకాలం వెళ్తుండగా కనకరత్నం ఒక రోజు బుర్రని దింపి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గింజలు గలగలలాడాయి. ఆమె దాన్ని అత్తగారి చెవి దగ్గర పెట్టి మళ్ళీ ఊపింది. పైడితల్లి కళ్ళు మూసుకుని వింది. తొలకరికి నాటిన గింజల్లో కొన్ని కుళ్ళిపోయాయి, కొన్ని మొలిచాయి. మొలిచినవి చాలు.

ఈసారి విత్తనపు తీగ పందిరి మీద లేదు. కనకరత్నం దాన్ని వేరుగా, ప్రహరీగోడ మీదకి పాకించింది. గోడ మీద కాసేది దాచడానికి, పందిరి మీద కాసేది లేతగా కొయ్యడానికి. ఒకదాని బలం ఇంకొకటి లాక్కోదు. ఇంత సుళువైన ఉపాయం నీకు ముందే తడితే నాకు సెప్పొచ్చు గదా అని పైడితల్లి దెబ్బలాడింది. చెప్పడానికి నీ కొడుకుని పంపితే ఏమైందో చూశావుగా అని కోడలు జవాబిచ్చింది.

గోడ మీద మొదటి కాయ పొట్టి మెడతో, గుండ్రని అడుగుతో, తెలుపు కలిసిన పచ్చగా దిగిన రోజు, పైడితల్లి పాత నీలం పేలిక తెచ్చింది. తొడిమ దాకా చెయ్యెత్తి, మళ్ళీ దించేసి, పేలిక కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టు," అంది. "నీ సేత్తో కట్టినదాన్ని నువ్వు కొయ్యవు."

కనకరత్నానికి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అత్తగారు అన్నదని కూడా తెలుసు. కళ్ళు తుడుచుకుని, మునివేళ్ళ మీద నిలబడి, తొడిమకి రెండు ముళ్ళు వేసి గట్టిగా బిగించింది. గురునాథరావు బిందెతో నీళ్ళు తెచ్చి, ఏ పాదుకి పొయ్యాలని తల్లిని అడిగాడు.

"దాన్నడుగు," అంది పైడితల్లి. "మడి దానిది."